టీడీఎస్ మీటరు గారికి ఒక ఉత్తరం

నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో లెక్కగట్టే మీటరు గారూ, నమస్కారమండి.

మా ఇంట్లో మీకున్న మర్యాద పెళ్లికొచ్చిన మేనమామకి కూడా లేదు. నీళ్లు శుద్ధి చేసే ఆర్వో మెషీన్ అమ్మే కుర్రాడొచ్చి మా బోరు నీళ్లలో మిమ్మల్ని ముంచితే 740 అన్నారు, వాడి మెషీన్ నీళ్లలో ముంచితే 45 అన్నారు, అంతే, మా అమ్మ చేతిలో చెంబు పక్కన పెట్టేసి ఈఎంఐ ఎంతో కనుక్కుంది. వాడు ఇనుప పుల్లలు పెట్టి కరెంటిచ్చి నీళ్లని బురదరంగు చేసి కూడా చూపించాడులెండి, ఆ రంగు పుల్లల తుప్పుదే అని తర్వాత తెలిసింది, అది వేరే కథ.

అసలు కథ కాలవ గట్టు మీద జరిగింది. మా బాబాయ్ వరికి మందు కొట్టొచ్చి పంపు కాలవలో కడుగుతున్నాడు, ఖాళీ డబ్బా కూడా అందులోనే రెండుసార్లు తొలిపాడు. జేబులో మీరున్నారు కదా అని సరదాకి ఆ నీళ్లలోనే ముంచా. 230 అన్నారు! బాబాయ్ మీసం మీద చెయ్యేసి "చూశావురా, మీ బోరు కంటే మన కాలవే నయం" అన్నాడు. ఆ కాలవే కిందకెళ్లి మా మంచినీళ్ల చెరువు నింపుతుందండి.

మీ పని మీరు చేశారు, కాదన్ను. నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పు లెక్క చెప్పడమే మీకొచ్చిన విద్య. పురుగుమందుల్లో చాలావాటికి కరెంటు మోసే అలవాటు లేదు, ఒకవేళ ఉన్నా మీ చూపు ఆనదు. మీరు చూపించే అతి చిన్న అంకె 1, అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము. మన దేశంలో తాగేనీళ్లకున్న ఐఎస్ 10500 ప్రమాణంలో డీడీటీ అనే పురుగుమందుకి హద్దు లీటరుకి ఒక మైక్రోగ్రాము, మీ 1లో వెయ్యో వంతు. ఎండోసల్ఫాన్ అనే ఇంకో మందుకి 0.4. ఏనుగుల్ని తూచే కాటా మీద ఆవగింజ పెట్టినట్టు.

డీడీటీని పొలాల్లో వాడొద్దని 1989లోనే ఆపారు, ఎండోసల్ఫాన్‌ని 2011లో సుప్రీంకోర్టు ఆపింది. కానీ ఆర్డరు వచ్చిందని మట్టిలో ఉన్నది సంచి సర్దుకుని పోదు కదా. డీడీటీ అయితే ఏళ్ల తరబడి ఉంటుంది, ఒంట్లోకెళితే కొవ్వులో దాక్కుంటుంది, తల్లిపాలలోకీ వస్తుంది. ఎండోసల్ఫాన్ నరాల మీద పనిచేస్తుంది, మోతాదు ఎక్కువైతే ఫిట్సే. ఇక ఎండ్రిన్ అనే పాత పురుగుమందు పేరు చెప్తే మా పెద్దవాళ్లకి పురుగు గుర్తు రాదు, పాడె గుర్తొస్తుంది.

2003లో ఢిల్లీలోని సీఎస్ఈ అనే పర్యావరణ సంస్థ వాళ్లు సీసా నీళ్లు పరీక్ష చేస్తే లిండేన్, డీడీటీ, మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందులు బయటపడ్డాయి, గొడవయ్యాక సీసా నీళ్లకి ఒక్కో మందు లీటరుకి 0.1 మైక్రోగ్రాము దాటకూడదని రూలు పెట్టారు. మరి కుళాయి నీళ్ల ప్రమాణంలో వరిలో కొట్టే కలుపుమందు బ్యూటాక్లోర్‌కి 125 మైక్రోగ్రాముల దాకా పర్వాలేదట! సీసా కొనేవాడి లివరూ కుళాయి పట్టేవాడి లివరూ వేరే కంపెనీవి కాబోలు.

2020 డిసెంబరులో ఏలూరులో జనం ఫిట్సొచ్చి పడిపోయినప్పుడు కూడా ఎయిమ్స్, ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) లాంటి పెద్ద పెద్ద సంస్థలు రక్తం, నీళ్లు, కూరగాయలు పట్టుకుని కుస్తీ పట్టాయి. రక్తంలో సీసం, నికెల్ అన్నారు, పురుగుమందుల మీద అనుమానం అన్నారు. మిమ్మల్ని మాత్రం ఎవరూ పిలవలేదు, నొచ్చుకున్నారా?

ఆర్వో దండగ అనను. దాని పొర, కార్బన్ కలిసి చాలా మందుల్ని బాగానే పట్టేస్తాయి. కానీ ఆ కార్బన్ నిండిపోయి చేతులెత్తేసిన రోజు కూడా మీరు 45 అనే అంటారు చూడండి, అక్కడే నాకు మీ మీద ఒళ్లు మండుతుంది. ఆర్వో వదిలే వేస్టు నీళ్లు మా పెరట్లోకే పోతున్నాయి, పెరట్లోనే బోరు ఉంది, ఇంక ఆలోచించబుద్ధి కావట్లేదు.

ఉంటానండి. బాబాయ్ నిన్న మళ్లీ ఫోన్ చేశాడు, మిమ్మల్ని ఒకసారి పంపిస్తే చెరువు గట్టు మీద ఊరందరికీ చూపిస్తాడట. పోయారని చెప్పాను. బ్యాటరీలు పీకి రిమోట్‌లో వేశా.