స్కానింగ్ యాప్ గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ స్కానింగ్ యాప్ గారికి, రాజోలు దగ్గర ఒక చిన్న డెలివరీ హబ్‌లో పార్సిళ్లు మోసుకునేవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. పొద్దున్నుంచీ తెర మీద ఆ చక్రం తిరుగుతూనే ఉంది గనక తమరు కూడా ప్రాణాలతోనే ఉన్నారని తలుస్తాను.

తమరిది మామూలు వంశం కాదండి. 1974లో అమెరికాలోని ఒహాయోలో ఒక సూపర్ మార్కెట్ కౌంటర్ మీద చూయింగ్ గమ్ ప్యాకెట్‌తో బార్‌కోడ్ స్కాన్ చేసి అమ్మడం మొదలైంది. 1994లో జపాన్‌లో కార్ల విడిభాగాల లెక్క కోసం క్యూఆర్ కోడ్ పుట్టింది. అంత గొప్ప ఇంట పుట్టి, ఆఖరికి మా డెలివరీ కుర్రాడి పగిలిన ఫోన్‌లో కాపురం పెట్టారు. పెద్ద గోదాముల్లో స్కానర్ మిషన్ కంపెనీ కొనిస్తుంది. ఇక్కడ ఫోన్ కుర్రాడిది, డేటా కుర్రాడిది, ఛార్జింగ్ కుర్రాడిది. నిఘా ఒక్కటే తమరిది.

తెల్లారుజామున లోడు దిగుతుంది. లేబుల్ తిన్నగా అంటించినవాడికి ఇంతవరకు పాదాభివందనం చేసే భాగ్యం కలగలేదు. సరిగ్గా గీతల మీద మడత పడేలా కవరు మూలకి అంటించి, పైన మెరిసే టేపు వేస్తారు. టార్చి వేస్తే టేపు తళుక్కుమంటుంది, వేయకపోతే గీతలు కనపడవు. కుర్రాడు పార్సిల్‌ని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో మడత సాపు చేసి, ఫోన్‌ని దగ్గరికీ దూరానికీ తిప్పుతూ తమరికి హారతి పడుతుంటాడు. ఎప్పటికో బీప్ మంటారు. ఆ లేబుల్ వేడికి నల్లబడే రకం కాగితం. బండి సైలెన్సర్‌కి తగిలిందా, గీతా ఖాళీ కలిసిపోయి ఒకటే నలుపు.

క్యూఆర్ కోడ్ గట్టి రకమైతే 30 శాతం దాకా చెరిగినా చదివేస్తారట. కాగితం మీద ఉన్న ఆ జాలి మనిషి మీద ఏదండీ? బార్‌కోడ్ చదవలేక నంబరు చేత్తో కొడితే ‘మాన్యువల్ ఎంట్రీలు ఎక్కువ’ అని కుర్రాడి పేరు ఎర్రబడుతుంది. సిగ్నల్ లేని లంకలో బీప్ మని పచ్చ టిక్కు చూపిస్తారు, ఆ సంగతి హెడ్డాఫీసుకి చెప్పేది మాత్రం సాయంత్రం రోడ్డెక్కాక. ఈలోగా పార్సిల్ చేతిలో ఉన్నా లెక్కలో లేదు. లెక్కలో లేనిదాని డబ్బు ఎవరి జీతంలోంచి పోతుందో తమరికి వేరే చెప్పాలా.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. పార్సిళ్ల జాబితా మీద సంతకాలు పెట్టించుకునే కాగితం రన్‌షీట్ల కాలంలో సంతకం ఎవరు పెట్టారో తేలక వారానికో పంచాయితీ జరిగేది. ఓటీపీ వచ్చాక ఆ గొడవ తగ్గింది. ఆ పుణ్యం తమరిదే.

అసలు బాధ గోదావరి దగ్గరండి. తమరి మ్యాపులో అదొక నీలం చార. సఖినేటిపల్లి రేవులో నిలబడితే గోదావరి పాయ వసిష్ఠకి అవతల నరసాపురం ఎదురుగానే కనపడుతుంది. పంటు, అదే బళ్లనీ మనుషుల్నీ రేవు దాటించే పడవ, తిరిగితే దాటతాం, ఆగిందంటే చించినాడ వంతెన చుట్టి రావాలి. తమరు తిన్నగా గీత గీసి ‘దగ్గరే’ అంటారు. కాకికైతే దగ్గరేనండి. కనకాయలంక ఉంది చూడండి, ఊరు పశ్చిమ గోదావరి జిల్లాది, దారేమో కోనసీమలోని చాకలిపాలెం దగ్గర కాజ్‌వే మీద. జిల్లా పేరు చూసి సార్టింగ్ చేసేవాడిది ఒక గట్టు, బండి నడిపేవాడిది ఇంకో గట్టు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇక్కడ బళ్లో పిల్లలు కూడా అప్పజెబుతారు. తమరికి తెలిసిన హెచ్చరిక ఒక్కటే: ‘మీరు ఈరోజు టార్గెట్‌లో వెనకబడ్డారు.’

వరదల్లో కాజ్‌వే మునిగింది. కుర్రాడు ఇవతల ఆగాడు. కస్టమర్ అవతలి గట్టు మీద గొడుగేసుకుని చెయ్యి ఊపుతున్నాడు. పార్సిల్ ఎందుకివ్వలేదో తమరికి చెప్పాలి కదా, జాబితా తెరిచాడు: కస్టమర్ అందుబాటులో లేరు, కస్టమర్ వద్దన్నారు, అడ్రస్ తప్పు, ఫోన్ ఎత్తలేదు. అంతే. ఏదో ఒకటి నొక్కితేగాని తమరు వదలరు. మొదటిది నొక్కాడు. మరుక్షణం అవతలినుంచి ఫోన్.

“ఆయ్, నేను గట్టు మీదే ఉన్నానండి. లేనని మెసేజ్ వచ్చిందేంటండి బాబూ?”

“కనపడుతున్నారండి. యాప్‌కి కనపడట్లేదండి.”

ఆ మనిషికి కోపం రావాల్సింది. నవ్వేసి, “నీళ్లు తీశాక రండి, అప్పటికి నేనుంటాను, మీ యాప్ ఉంటుందో లేదో” అన్నాడు. వెటకారం మా కాలవల్లోనే పారుతుంది, ఏం చేస్తాం.

ఇంకో ముచ్చట. మ్యాపులో కస్టమర్ పెట్టిన పిన్ దగ్గరికి వెళ్తేగాని డెలివరీ బటన్ వెలగదు. ఆ పిన్ ఓసారి ఇంటి మీద ఉంటుంది, ఓసారి కొబ్బరితోటలో, ఓసారి సరాసరి వైనతేయ పాయలో. అడ్రసులో మాత్రం ‘వంతెన దిగాక కుడివైపు, కాలవ గట్టు, కిళ్లీకొట్టులో ఇవ్వండి’ అని ముత్యాల్లాంటి ముక్క ఉంటుంది. దాన్ని తమరు చదవరు. 2025లో తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది, దేశంలో సుమారు నాలుగు మీటర్లకి నాలుగు మీటర్ల చొప్పున ప్రతి చదరానికీ పది అక్షరాల కోడ్. అంటే కిళ్లీకొట్టుకీ ఒకటి వచ్చినట్టే. వరదొస్తే ఆ చదరానికి పడవ ఎవరు పెడతారో అందులో ఉండదు గానీ, మంచిదే.

తమరు వారం వారం అప్‌డేట్ అవుతారు, బటన్ రంగు మారుతుంది, జాబితా మారదు. ఈసారి అందులో ‘గోదావరి పెరిగింది’ అని ఒకటి, ‘పంటు ఆగింది’ అని ఒకటి చేర్పించండి. ఇంగ్లీషులో పెట్టినా నొక్కుతాం. ‘తప్పు సర్వర్‌ది’ అనే బటన్ మాత్రం అడగం, అది తమరి ఇంటిగుట్టు.

ఇట్లు,
తమరి లాగిన్ ఐడీల్లో ఒకడు