నాలుగు నిమ్మకాయలు తొక్కించాం, ఐదోది మా ఇంటి ముందుంది

పోయిన దసరాకు కొత్త కారు కొన్నాం. షోరూం నుంచి నేరుగా కసాపురం తీసుకుపోయాం. మా అనంతపురంలో మోటార్ సైకిల్ కొన్నా, ట్రాక్టర్ కొన్నా ముందు నెట్టికంటి ఆంజనేయస్వామికి చూపించాల్సిందే. పూజారి కొబ్బరికాయ కొట్టించి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించి "పోనియ్ నాయనా" అన్నాడు. నాలుగూ పచక్‌మని చితికాయి. మా అమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. ఎన్నిసార్లు రిపేరు చేసినా బాగుపడని కొత్త కారును అమెరికాలో నిమ్మకాయ అంటారని, ఆ పేరుతో చట్టమే ఉందని నాకు అప్పటికి తెలియదు.

కంపెనీ పేరు, డీలర్ పేరు రాయను. రాస్తే మాటంతా ఏ కంపెనీ మంచిదనే గొడవ మీదికి పోతుంది. పెనుకొండ దగ్గర తయారయ్యే కారు మాత్రం కాదు. అనంతపురం అనగానే అందరూ ముందు అదే అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా. ఆన్‌రోడ్ పదకొండు లక్షలకు కొంచెం తక్కువ. ఏడు లక్షలు లోను, ఐదేళ్లకు, నెలకు 14,500 పైచిలుకు. మిగతాది నా భార్య చీటీ డబ్బులు, నా పీఎఫ్ లోను.

చలికాలమంతా బండి బంగారం. మార్చిలో ఎండలు మొదలవగానే దాని అసలు రంగు బయటపడింది. మొదటిసారి సప్తగిరి సర్కిల్లో ఆగిపోయింది. నేనే క్లచ్ సరిగ్గా తొక్కలేదేమో అనుకున్నా. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నవాడికి కూడా కొత్త కారు చెడిపోతే ముందు తన మీదే అనుమానం వస్తుంది. డీలర్లకు ఆ సంగతి బాగా తెలుసు.

రెండోసారి మరూరు టోల్‌ప్లాజా దగ్గర. బెంగళూరు ఆసుపత్రికి అమ్మను తీసుకుపోతున్నాం. టోల్ లైనులో మా ముందు రెండు లారీలు. ఏసీ వేసుకుని మెల్లగా జరుపుతుంటే టక్కున ఇంజిన్ చచ్చింది. స్టీరింగ్ బిగుసుకుంది. బ్రేకు రెండుసార్లు నొక్కేసరికి పెడల్ రాయిలాగా అయింది. ఇంజిన్ ఆగితే బ్రేకుకు సాయం చేసే వ్యాక్యూం ఆగిపోతుంది, మిగిలింది రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. వెనక హారన్లు. నేనూ, టోల్ దగ్గర పుచ్చకాయలు అమ్ముకునే ఇద్దరు పిల్లోళ్లూ బండిని పక్కకు నెట్టాం. అమ్మ లోపలే కూర్చుని "ఏమాయరా, పెట్రోలు అయిపోయిందా?" అని అడుగుతోంది. ముప్పావు గంట ఆగి తాళం తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది. అది టోల్ దగ్గర కాకుండా హైవే మీద వంద స్పీడులో ఆగుంటే? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సర్వీస్ సెంటర్‌కు పోయినప్పుడల్లా ఒకటే తంతు. సాయంత్రం బండి పెట్టిపో సార్ అంటారు. రాత్రంతా షెడ్డులో చల్లగా పడుకుంటుంది. పొద్దున తొమ్మిదికి స్టార్ట్ చేస్తారు, లోపముంటే కోడ్ నంబరు చూపించే స్కానర్ తగిలిస్తారు, కాంపౌండ్ చుట్టూ రెండు రౌండ్లు తిప్పుతారు. "కోడ్ ఏం రాలేదు సార్, బండి పర్ఫెక్ట్" అంటారు. నీళ్లతో కడిగి, లోపల సెంటు కొట్టి, స్టీరింగ్‌కు ప్లాస్టిక్ కవర్ చుట్టి ఇస్తారు. ఇట్లా ఆరుసార్లు. జ్వరమొచ్చిన మనిషిని జ్వరం తగ్గాక ఆసుపత్రికి పిలిచి, నీకు జ్వరమే లేదు పో అన్నట్టు.

ఆరోసారి నాకు అర్థమైంది. బండి చెడిపోవడం మీద నాకు అంత కోపం లేదు. వేల భాగాలుంటాయి, ఒకటి పాడై రావచ్చు. నా కోపమంతా జాబ్‌కార్డు మీద, అంటే బండి ఇచ్చేటప్పుడు మన ఫిర్యాదు రాసుకుని సంతకం పెట్టించుకునే కాగితం మీద.

పాత జాబ్‌కార్డులన్నీ ఒకరోజు రాత్రి మంచం మీద పరుచుకుని చూశా. నేను ఆరుసార్లూ చెప్పింది "నడుస్తూ నడుస్తూ ఇంజిన్ ఆగిపోతోంది" అని. మొదటి కార్డులో "జనరల్ చెకప్". రెండోదాంట్లో "ఏసీ కూలింగ్ చెక్". మూడోదాంట్లో "వాషింగ్". నాలుగోదాంట్లో "పికప్ తక్కువ". ఐదు, ఆరు మళ్లీ జనరల్ చెకప్. అన్నిటి కిందా నా సంతకం. అంటే కాగితాల ప్రకారం నేను ఆరుసార్లు పోయి కారు కడిగించుకుని వచ్చిన మనిషిని. ఇంజిన్ ఒక్కసారి కూడా ఆగలేదు.

ఏడోసారి పోయినప్పుడు కార్డు మీద నా పెన్నుతో నేనే రాశా: "నడుస్తుండగా ఇంజిన్ ఆగింది, మరూరు టోల్ దగ్గర, రీడింగ్ 7,412." సర్వీస్ అడ్వైజర్ పిల్లోడు, ఇరవై మూడేళ్లుంటాయేమో, నా పెన్ను పట్టుకున్నంత పని చేశాడు.

"సార్ సార్, అట్ల రాయకూడదు సార్. సిస్టంలో ఆ ఆప్షన్ లేదు సార్."

"బండి ఆగిపోయే ఆప్షన్ ఉంది కదప్పా, మీరిచ్చిన బండిలో."

నవ్వాడు పాపం. వాడి మీద నాకు కోపం లేదు. లోపలి కథ తర్వాత మా బామ్మర్ది చెప్పాడు, వాడు కొన్నేళ్లు వేరే ఊళ్లో ఇట్లాంటి షోరూంలోనే పని చేశాడు. వారంటీలో ఒక పార్టు మారిస్తే దాని ఖర్చు డీలర్ కంపెనీకి బిల్లు పెట్టుకోవాలి. ఎందుకు మార్చావు, ఏ కోడ్ వచ్చింది, పాత పార్టు ఏదని కంపెనీ అడుగుతుంది. రుజువు లేకపోతే క్లెయిం వాపసు, ఆ నష్టం డీలర్ నెత్తిన. అందుకే కోడ్ కనపడకుండా ఎవడూ చెయ్యి పెట్టడు. డీలరేమో కంపెనీ ఒప్పుకోలేదంటాడు. కంపెనీకి ఫోన్ చేస్తే మీ డీలర్‌నే కలవండి అంటారు. అమ్మేటప్పుడు మాత్రం ఇద్దరూ ఒకే కుటుంబం, కటౌట్ ముందు నిలబెట్టి పెద్ద తాళం చేతికిచ్చి ఫోటో తీస్తారు.

చివరికి దారి చూపించింది పాతూరులో చిన్న షెడ్డు నడిపే మెకానిక్ అన్న. బానెట్ కూడా ఎత్తలేదు. "నేను చెయ్యి పెడితే వారంటీ పోయిందంటారు సారూ, ముట్టుకోను" అన్నాడు. వేడెక్కితే ఆగి, చల్లారితే స్టార్ట్ అవుతుందా అని ఒకటే ప్రశ్న వేశాడు. అవునన్నా. క్రాంక్ సెన్సార్ అయ్యుండొచ్చన్నాడు. ఇంజిన్ ఎంత వేగంగా, ఏ స్థానంలో తిరుగుతోందో కంప్యూటరుకు చెప్పేది అదేనట. లోపల తీగ చుట్ట వేడికి విడిపోతే సిగ్నల్ పోతుంది, కంప్యూటర్ పెట్రోలు చిమ్మడం ఆపేస్తుంది, చల్లారాక తీగ మళ్లీ అతుక్కుంటుంది. "పొద్దున ఇయ్యొద్దు సారూ. మిట్టమధ్యాహ్నం తీస్కపో, ఏసీ వేసి వాళ్ల ముందరే పెట్టు" అన్నాడు. టీ డబ్బులు కూడా తీసుకోలేదు.

ఏప్రిల్ ఎండలో ఒంటిగంటకు గంటసేపు బండి తిప్పి, షోరూం గేటు లోపల ఎండలోనే ఆపి, ఏసీ ఫుల్లు పెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి లోపల కూర్చున్నా. సెక్యూరిటీ అతను వచ్చి నీడలో పెట్టుకోండి అన్నాడు. వద్దన్నా. మేనేజర్ వచ్చి లోపల కాఫీ తాగుదాం రండి సార్ అన్నాడు. నువ్వే వచ్చి నా పక్కన కూర్చో అన్నా. మొహమాటానికి కూర్చున్నాడు. ఫోన్లో వీడియో ఆన్ చేసి డ్యాష్‌బోర్డు మీద పెట్టా. ముప్పై ఎనిమిదో నిమిషంలో ఇంజిన్ వేగం చూపించే ముల్లు ఒకసారి వణికి సున్నాకు పడిపోయింది. ఏసీ గాలి నిలిచింది. మేనేజర్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీరు ఆఫ్ చేశారా సార్?" అన్నాడు. వీడియోలో ఆ మాట కూడా ఉంది.

అక్కడికక్కడే స్కానర్ తెప్పించమన్నా. ఈసారి కోడ్ వచ్చింది. మెకానిక్ అన్న చెప్పిన సెన్సారే. ఏడుసార్లు రానిది, వేడి మీదున్నప్పుడు చూస్తే వచ్చింది.

కన్స్యూమర్ కోర్టులో వెయ్యొచ్చు కదా అని మా స్టాఫ్‌రూంలో అందరూ అన్నారు. చదివా. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. కట్టిన ధర యాభై లక్షల దాకా జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే. ఫీజు ఐదు నుంచి పది లక్షల దాకా అయితే 200, ఇరవై దాకా 400 రూపాయలు, అంతే. సమస్య మొదలైన రెండేళ్లలోపు వెయ్యాలి. పరీక్ష అవసరం లేని కేసు మూడు నెలల్లో, పరీక్ష కావాలంటే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో రాసుంది. వాయిదాలు చూసినవాళ్లు ఇక్కడ నవ్వుకోవచ్చు. అసలు తిప్పలు ఆ పరీక్ష దగ్గరే. లోపం చూస్తే తెలియనిదైతే ల్యాబుకు పంపాలి. నూనె ప్యాకెట్ అయితే పంపొచ్చు. మిట్టమధ్యాహ్నం మాత్రమే ఆగిపోయే కారును ఏ ల్యాబుకు పంపేది? అందుకే అవతలి లాయరు మొదట అడిగేది నిపుణుడి రిపోర్టు, రెండోది జాబ్‌కార్డులు. నా కార్డుల్లో ఏముంది? వాషింగ్.

కొత్త కారు ఇమ్మంటే ఇస్తారనుకోవడం కూడా కష్టమే. 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు మొత్తం బండి మార్చి ఇమ్మన్న ఆదేశాన్ని ఒప్పుకోలేదు. పాడైన భాగం మార్చడమే వారంటీ అంది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం 1982లోనే నిమ్మకాయ చట్టం తెచ్చింది, తర్వాత మిగతా రాష్ట్రాలూ తెచ్చాయి. ఒకే లోపాన్ని కొన్నిసార్లు ప్రయత్నించినా బాగు చెయ్యలేకపోతే బండి మార్చాలి, లేదా డబ్బు వాపసు ఇవ్వాలి. మనకు అట్లాంటిది లేదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి రీకాల్ సెక్షన్, అంటే లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిపించే సెక్షన్, చేర్చారు కానీ, అది ఒకే రకం బండ్లలో చాలామందికి వచ్చే లోపం కోసం. నాలాంటి ఒంటి పక్షికి కాదు.

1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు కూడా చేశా. ఫిర్యాదు నంబరు వచ్చింది, కంపెనీకి పంపారు. కంపెనీ జవాబు: "వాహనం తనిఖీ చేశాం, లోపం కనపడలేదు." దేన్ని చూసి రాశారో మీకు చెప్పక్కర్లేదు.

సెన్సార్ రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. అన్ని రోజులూ ఆటోలో బడికి పోయా, ఈఎంఐ మాత్రం ఐదో తేదీకి టంచనుగా కట్ అయింది. మార్చాక మూడు వారాలైంది, ఎండలో రెండుసార్లు గుత్తి దాకా పోయొచ్చా, ఆగలేదు. అమ్మ మాత్రం ఇప్పటికీ టోల్‌గేటు రాగానే ముందు సీటు గట్టిగా పట్టుకుంటుంది.

బండి తీసుకునే రోజు ఆ అడ్వైజర్ పిల్లోడు నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "సార్, కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది. పదికి పది ఇవ్వండి సార్. తొమ్మిదిచ్చినా మాకు ఇన్సెంటివ్ కట్ సార్." ఇస్తానప్పా అన్నా. నిజంగానే ఇద్దామనుకున్నా.

నిన్న ఆ ఫోన్ వచ్చింది. అవతల ఒకమ్మాయి, గలగలా మాట్లాడుతోంది. పిల్లోడికి పదికి పది, రాసుకోమ్మా అన్నా. ఆ ఆరు జాబ్‌కార్డుల్లో "ఇంజిన్ ఆగిపోయింది" అని దిద్ది నాకు మెయిల్ పంపమన్నా.

"సారీ సార్, సిస్టంలో ఆ ఆప్షన్ లేదు సార్."