బ్యాటిల్ సిటీకి ప్రాణం ఆ ఒక్క గుండు నియమమే

పాత వీడియో గేముల ప్రస్తావన వచ్చినప్పుడల్లా బ్యాటిల్ సిటీని పిల్లల ట్యాంకుల ఆటగా తీసిపారేయడం నాకు బాధ కలిగిస్తుంది. నామ్‌కో సంస్థ 1980లో ఆర్కేడ్ యంత్రాల కోసం చేసిన ట్యాంక్ బెటాలియన్‌ను పెంచి, 1985లో జపాన్‌లో నింటెండో వారి ఫ్యామికామ్ అనే ఇంటి వీడియో గేమ్ యంత్రం మీద విడుదల చేసిన గేమ్ ఇది. మనలో చాలామందికి తొంభైలలో టీవీకి తగిలించుకునే నకలు వీడియో గేముల క్యాసెట్లలో, అసలు పేరేమిటో తెలియకుండానే పరిచయమైంది.

నా దృష్టిలో దాని గొప్పతనమంతా ఒక్క నియమంలో ఉంది. ఆట మొదట్లో మన ట్యాంకు పేల్చిన గుండు గోడకో, శత్రువుకో, తెర అంచుకో తగిలి మాయమయ్యేదాకా రెండోది పేలదు. దూరం నుంచి కొట్టి గురి తప్పితే, ఆ గుండు తెర చివరికి చేరేంతసేపు మన చేతిలో ఆయుధం లేనట్టే. అదే శత్రువుకు దగ్గరగా వెళ్లి నిలబడితే గుండు తక్షణమే తగులుతుంది కాబట్టి తరువాతిది కూడా తక్షణమే సిద్ధమవుతుంది. ఎంత చేరువైతే అంత వేగంగా కాల్చగలం, అంత ప్రమాదంలోనూ పడతాం. నాలుగు దెబ్బలు తగిలితే గాని పేలని బరువు ట్యాంకు ఎదురైనప్పుడు, ఈ లెక్క తెలిసినవారు వెనక్కి పారిపోరు. ఎదురొచ్చే గుండును తమ గుండుతో మధ్యలోనే కొట్టి రద్దు చేస్తూ, అడుగడుగునా దూరం తగ్గించుకుంటూ వెళతారు. మీట ఎడాపెడా నొక్కేవారికి ఈ ఆట లొంగదు.

ఆట మధ్యలో ఏరుకుంటే ట్యాంకు బలాన్ని పెంచే నక్షత్రాల వరుస కూడా ఈ నియమాన్నే ఆధారం చేసుకుంది. మొదటిది గుండు వేగాన్ని పెంచుతుంది, రెండోది ఒకేసారి రెండు గుండ్లు పేల్చనిస్తుంది, మూడోది ఉక్కు గోడలను సైతం పగలగొట్టనిస్తుంది. ఒక్క లైఫ్ పోతే ఇవన్నీ పోయి మళ్లీ ఒంటి గుండుకే చేరుకుంటాం. ముందుగా ఆ లేమిని అనుభవించబట్టే రెండో గుండు ఎంత పెద్ద వరమో ఆటగాడికి తెలుస్తుంది.

ఇక తెర కింది అంచున మనం కాపాడుకోవలసిన గద్ద బొమ్మ సంగతి. స్టేజికి ఇరవై శత్రు ట్యాంకులు పైనుంచి మూడు చోట్ల పుట్టుకొస్తాయి; ఎన్ని లైఫులు మిగిలి ఉన్నా గద్దకు గుండు తగిలితే ఆట ముగిసినట్టే. ఆ గుండు మనదైనా సరే! దాని చుట్టూ ఉన్న పలుచని ఇటుక గోడ మన కాల్పులకూ అంతే తేలికగా కూలుతుంది. పార గుర్తు దొరికితే ఆ గోడ కొంతసేపు ఉక్కుగా మారుతుంది, కాని మూడు నక్షత్రాలున్న మన ట్యాంకు ఆ ఉక్కునూ కూల్చగలదు. బలం పెరిగేకొద్దీ జాగ్రత్త కూడా పెరగాలని నోటితో చెప్పకుండా ఆట చేతే నేర్పించిన ఈ ఏర్పాటును నేను ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఇద్దరు కలిసి ఆడేటప్పుడు తోడి ఆటగాడికి మన గుండు తగిలితే అతను చావడు, కాసేపు కదలలేక నిలిచిపోతాడు. అన్నదమ్ముల మధ్య తగాదాలకు ఇంతకన్నా మంచి కారణం ఆ రోజుల్లో మరొకటి ఉండేది కాదు.

ఇప్పుడు ఫోన్లలో దొరికే అనేక అనుకరణలు తొలగించింది సరిగ్గా ఈ నియమాన్నే. వేలు తెర మీద పెట్టి ఉంచితే గుండ్లు ధారగా కురుస్తాయి, ట్యాంకు నెత్తిన ప్రాణాల గీత ఒకటి కనిపిస్తుంది, గురి తప్పినందుకు మూల్యమేమీ ఉండదు. ఇటుకలు, నీళ్లు, చెట్లు, మంచు అన్నీ యథాతథంగా ఉన్నా అక్కడ నిలువవలసిన చోటు గురించి ఆలోచించే అవసరమే రాదు. అలాంటి గేములు తయారుచేసేవారిని నేను అడిగేది ఒక్కటే: రంగులు, శబ్దాలు మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి, కాని రెండో నక్షత్రం దొరికేదాకానైనా మాకు ఒక్క గుండే ఇవ్వండి.