నెక్స్ట్ ఫ్రైడే ఎప్పుడండీ?

11వ తేదీ మంగళవారం రాత్రి ఫోను. "బావగారూ, నెక్స్ట్ ఫ్రైడే గృహప్రవేశం. కార్డులింకా ప్రింటుకెళ్లలేదు, ముందుగా చెబుతున్నా. అక్కయ్యని, పిల్లల్ని తీసుకుని రావాలి."

"అయ్యో, ఎంతమాట! రాకపోతే ఎలా?"

14 తెల్లవారుజామున నాలుగున్నరకి బావగారు ఆటో దిగుతారు. వెనకాల పట్టుచీరలో అక్కయ్య, చేతిలో లడ్డూల డబ్బా. గుమ్మానికి మామిడాకులుండాల్సిన చోట పరంజా కర్రలు. పాలు పొంగించాల్సిన వంటింట్లో ఇసుక కుప్ప. వాచ్‌మన్ దుప్పట్లోంచి తల బయటపెట్టి "రంగులు రెండో కోటు కూడా పడలేదండి" అంటాడు. ముహూర్తం 21న. ఆవుని ఇంకా ఎవరూ మాట్లాడనేలేదు.

తప్పు బావగారిది కాదు. పాత ఇంగ్లీషులో 'నెక్స్ట్' అంటే అన్నిటికన్నా దగ్గరిది అనే అర్థం. ఆ లెక్కన ఆయన సరిగ్గానే వచ్చారు. కానీ వాడుకలో 'దిస్ ఫ్రైడే' అని మరొకటి పక్కన చేరి, దగ్గరి శుక్రవారాన్ని అది పట్టుకుపోయింది. దాంతో చాలామంది నోట నెక్స్ట్ ఆ తర్వాతి వారానికి జరిగింది. ఇంగ్లీషు పుట్టిన గడ్డమీదా ఇదే తగువు. బ్రిటిషువాళ్లయితే ఆపై వారపు శుక్రవారానికి 'ఫ్రైడే వీక్' అంటారు.

గురువారం నాడు నెక్స్ట్ ఫ్రైడే అంటే రేపే అని ఎవరూ అనుకోరు. శనివారం అంటే ఆరు రోజుల్లో వచ్చేదేనని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. కొంపలు మునిగేది సోమ, మంగళ, బుధవారాల్లో. ఆదివారం సంగతి ఇంకా చిక్కు: గోడమీది క్యాలెండర్లో వారం ఆదివారంతో మొదలవుతుంది, ఆఫీసువాళ్ల బుర్రలో సోమవారంతో. శనివారం నాడు 'నెక్స్ట్ సండే' అన్నారంటే ఒకరికి రేపు, ఒకరికి ఎనిమిది రోజులు.

ముందొస్తే పరువే పోతుంది. తర్వాతొస్తే భోజనం కూడా పోతుంది.

పోనీ తెలుగులో 'వచ్చే శుక్రవారం' అందామా? అదీ ఆ తానులో ముక్కే. పెద్దవాళ్లు వాడే "ఈ శుక్రవారం కాక పై శుక్రవారం" మాత్రం గట్టిది. నోరు కాస్త ఎక్కువ తిరుగుతుంది గానీ ఆటో ఖర్చుతో పోలిస్తే చవక. దానికి తేదీ కూడా తగిలించాలి: "21, శుక్రవారం". ఒట్టి తేదీ అయితే ఇరవై ఒకటి ఫోన్లో ముప్పై ఒకటిగా వినబడొచ్చు. వారం పక్కనుంటే, ముప్పై ఒకటి సోమవారం కదా అని వినేవాళ్లే నిలదీస్తారు.

ఇక వెళ్లేవాళ్లు ముందురోజు ఫోన్ చేసి "వంటవాళ్లు దిగారా?" అని అడగాలి. అవతలినుంచి "ఏ వంటవాళ్లు?" అని వినిపిస్తే పట్టుచీర బీరువాలో పెట్టేసుకోవచ్చు. లడ్డూలు మాత్రం అప్పటిదాకా ఆగవు.