తప్పు ఆవిడ సిస్టమ్‌ది కాదు

పదేళ్ల పైమాటే. నెలాఖరు సాయంత్రం ఒక క్లయింట్ ఆఫీసు నుంచి అకౌంట్స్ మేడమ్ ఫోన్ చేశారు. "బాబూ, మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. ఇప్పుడు ఇన్‌వాయిస్ ఫారం తెరుచుకోవట్లేదు. నేనేమైనా నొక్కేశానా?" అన్నారు.

ఆవిడ ఏమీ నొక్కలేదు. ఆ ఫారం ఒరాకిల్ ఫారమ్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసింది, బ్రౌజర్‌లో జావా ప్లగిన్ సాయంతో తెరుచుకునేది. వాళ్ల ఐటీ వాళ్లు అన్ని సిస్టమ్‌లలో జావా 7 వేశారు, అంతే. స్క్రీన్ మీద ఎఫ్‌ఆర్‌ఎం-92095 అనే ఎర్రర్. జెఇనీషియేటర్ (ఒరాకిల్ వాళ్ల పాత జావా ప్లగిన్) వెర్షన్ పాతదైపోయింది, 1.1.8.2 గానీ ఆపైది గానీ వేసుకోమంటుంది. నిజానికి అక్కడ పాతది జావా కాదు, సర్వర్ మీదున్న ఒరాకిల్ ఫారమ్స్. జావా 7 నుంచి వెండర్ పేరు, అంటే తయారుచేసిన కంపెనీ పేరు, సన్ మైక్రోసిస్టమ్స్ బదులు ఒరాకిల్ కార్పొరేషన్ అని వస్తుంది. ఫారమ్స్ ఇంకా ఆ పాత పేరే వెతుక్కుంటోంది.

ఆవిడ సిస్టమ్‌లో బయటి మెయిల్ రాదు. అందుకని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ విండో తెరిపించి, జావా టూల్ ఆప్షన్స్ అని పేరు పెట్టించి, జావా తన వెండర్‌గా ఆ పాత పేరే చెప్పేలా చేసే లైనుని ఫోన్లోనే అక్షరం అక్షరం చెప్పాను: డాష్, పెద్ద డి, జావా, చుక్క, వెండర్, ఈక్వల్ టు, కోట్స్... చివరి కోట్స్ మర్చిపోయాం, మళ్లీ మొదటికొచ్చాం. ఫారం తెరుచుకునేసరికి నలభై నిమిషాలు. ఆ లైను ఆవిడ కాగితం మీద రాసుకుని మానిటర్ పక్కన అంటించుకున్నారు.

నాకు కోపం ఎక్కడంటే, సర్వర్ దగ్గర ఒక్కసారి చేయాల్సిన పనిని వందమంది యూజర్ల నెత్తిన వేస్తున్నాం. 2014 జనవరిలో జావా 7 అప్‌డేట్ 51 వచ్చి, సరైన సర్టిఫికెట్‌తో డిజిటల్‌గా సైన్ చేయని ఆప్లెట్లను (బ్రౌజర్‌లో నడిచే జావా ప్రోగ్రాములను) ఆపేసింది. మంచి పనే చేసింది. మనం మాత్రం ఏం చేశాం? సెక్యూరిటీ మీడియంకి దించుకోండి, ఎక్సెప్షన్ సైట్ లిస్టులో యూఆర్‌ఎల్ పెట్టుకోండి అని అందరికీ మెయిల్ కొట్టాం. ఫారమ్స్‌ని యూజర్ సిస్టమ్‌లోని ఫైళ్లతో కలిపే వెబ్‌యుటిల్‌కి కావాల్సిన జాకబ్ జార్ అనే జావా ఫైల్‌ని సైన్ చేసే నాథుడు లేడు. ఒక సర్టిఫికెట్ కొని, జార్ లోపలి మానిఫెస్ట్ ఫైల్లో పర్మిషన్స్ లైను చేర్చి సైన్ చేస్తే ఒక మనిషికి ఒకటి రెండు రోజుల పని. అమీర్‌పేటలో నేను ఫారమ్స్ నేర్చుకున్నప్పుడు ట్రిగ్గర్లు, ఎల్‌ఓవీలు లాంటి ఫారం తయారీ పాఠాలన్నీ చెప్పారు. ఆ ఫారం యూజర్ టేబుల్ మీద ఎలా తెరుచుకుంటుందో ఒక్క క్లాసూ లేదు.

ఇప్పుడైతే ఆ ప్లగిన్‌కి ఇల్లే లేదు. క్రోమ్ 2015లో తీసేసింది, ఫైర్‌ఫాక్స్ 2017లో. 2018లో వచ్చిన జావా 11లో ప్లగినే లేదు. అయినా ఎడ్జ్‌లో ఐఈ మోడ్ (పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లా నడిపే పద్ధతి), 32 బిట్ జావా పెట్టుకుని నెట్టుకొస్తున్న ఆఫీసులు ఉన్నాయి. ఫారమ్స్ 12సీకి మారితే స్టాండలోన్ లాంచర్ ఉంది, బ్రౌజర్ ప్లగిన్‌తో పనే లేదు. "నడుస్తోందిగా, ఇప్పుడెందుకు" అంటారు. ఎవరి టెన్షన్ మీద నడుస్తోందో అడగరు.

పోయిన నెల అదే ఆఫీసుకి వెళ్లాను. మేడమ్ రిటైరయ్యారు. ఆ సీట్లో కొత్తబ్బాయి ఉన్నాడు. మానిటర్ పక్కన ఆవిడ చేతిరాత కాగితం అలాగే ఉంది, టేప్ పసుపెక్కిపోయింది. "సార్, కొత్త సిస్టమ్ ఇచ్చినప్పుడల్లా ఇది చూసే టైప్ చేసుకుంటున్నా" అన్నాడు.