ఎవరూ అడగలేదంటే ఎలాగండీ?

సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి గోదావరి దాటించే పంటు మీద దొరికిన చలువ కళ్లద్దాలను ‘ఎవరూ అడగలేదు, ఉంచేసుకున్నాను’ అని మీరు రాశారు. జేబులో పెట్టుకుని దిగిపోతే ఎవరు అడుగుతారండీ! టికెట్లు ఇచ్చే అబ్బాయికి ఒక మాట చెప్పి, ఫోను నంబరు ఇస్తే సరిపోయేది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం, దొరికిన వస్తువును తీసుకున్నవారు దానికి సంరక్షకులే, యజమాని కారు. వెతికే ప్రయత్నమే చేయకుండా సొంతం చేసుకుంటే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరం వరకూ వెళ్లవచ్చు. కళ్లద్దాల కోసం అంత దూరం ఎవరూ వెళ్లరు లెండి. కానీ కాడకు ఎర్ర దారం చుట్టి ఉందని మీరే రాశారు. విరిగినా పారేయకుండా దారం చుట్టుకుని వాడుకున్న మనిషి, నరసాపురం రేవులో ఆ పూటంతా వెతుక్కునే ఉంటారు. అద్దాలకు పవర్ ఉందేమో చూశారా? ఉంటే మీకు తలనొప్పి తప్ప ఇంకేమీ రాదు. రేపు వెళ్లి రేవులోని టీకొట్టులో ఇచ్చి రండి.