పికప్‌కి వెనక లైట్లు పెట్టించండి, కానీ రిలే లేకుండా వద్దు

పికప్ బండి డిజైన్ చేసేవాళ్లలో ఒక్కరైనా దాన్ని చీకట్లో రివర్స్ చేసి చూశారా అని నాకు ఎప్పటి నుంచో అనుమానం. ముందు చూడ్డానికి హెడ్‌లైట్లు, ఫాగ్ లైట్లు, ఇంకా పగలు వెలిగేవి వేరే. వెనక్కి చూడ్డానికి మాత్రం చాలా బండ్లలో ఇప్పటికీ 21 వాట్ల బల్బులే, అవీ మసకబారిన ప్లాస్టిక్ వెనకాల. కారైతే ఎలాగో సర్దుకోవచ్చు. పికప్‌కి అంత పొడవు తొట్టి, పైగా ఎత్తు డోరు. దాని వెనకే ఏముందో పగలే కనపడదు. కెమెరా ఉందిగా అంటారు. కెమెరాకి కూడా వెలుతురు కావాలి స్వామీ! లేకపోతే స్క్రీన్ నిండా బూడిద రంగు చుక్కలే.

నేను మాత్రం, మోకాలెత్తు సిమెంటు దిమ్మెను గుద్దాక గానీ ఎక్స్‌ట్రా లైట్లు పెట్టించలేదు. బిగించినాయన రివర్స్ బల్బు వైరునే గీకి, రెండు ఎల్ఈడీ లైట్ల వైర్లు దానికే మెలిపెట్టి, టేపు చుట్టి పంపేశాడు. ఆ రాత్రి వెనకంతా పట్టపగలే. వానాకాలం వెళ్లేసరికి ఒకటి మినుకుమినుకుమనడం మొదలైంది. తర్వాత ఫ్యూజు ఎగిరి కంపెనీ లైట్లు కూడా పోయాయి. బంపర్ కింద దూరి టేపు విప్పితే జిగురంతా వేళ్లకి అంటుకుంది. లోపల రాగి తీగ పచ్చగా చిలుం పట్టి ఉంది, కాస్త లాగగానే పుటుక్కున తెగి చేతిలోకొచ్చింది.

రివర్స్ వైరు పని గేరు పడిందని కబురు చెప్పడం వరకే. ఎక్స్‌ట్రా లైట్లు లాగే కరెంటు మోయాల్సింది రిలే, అంటే చిన్న కరెంటు అందగానే పెద్ద కరెంటుకి దారి తెరిచే స్విచ్. రిలేకి 85, 86 అని ఉన్న కాళ్లలో ఒకటి రివర్స్ వైరుకి, రెండోది ఎర్త్‌కి, అంటే బండి ఛాసిస్‌కి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చేది 30కి, లైట్లకి వెళ్లేది 87కి. అంతే సంగతి. 18 వాట్లవి రెండు పెడితే 12 వోల్టుల మీద 3 ఆంపియర్లు, 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఆ ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. లైటు దగ్గర పెడితే, దారిలో వైరు ఛాసిస్‌కి రాసుకుని షార్ట్ అయినప్పుడు ఆపేదెవరు? ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకడం కూడా బద్ధకించకండి.

ఇక విడిగా స్విచ్ పెట్టించుకునే మహానుభావులు. సామాను దింపేటప్పుడు పనికొస్తుందట. నిజమే, కానీ ఆపడం మర్చిపోయి రోడ్డెక్కుతారు. వెనక వచ్చేవాడి కళ్లు బైర్లు కమ్ముతాయి, పైగా ముందు బండి మీదకొచ్చేస్తోందని కంగారుపడి బ్రేకు తొక్కుతాడు. సామాను కోసమైతే తొట్టిలోనే ఓ చిన్న లైటు పెట్టుకోండి, దీన్ని మాత్రం రివర్స్ గేరుకే వదిలేయండి.

స్పాట్ లైట్లు కూడా కొనకండి. రివర్స్‌లో నడక వేగంతో పోయేదానికి అంత దూరం వెలుగెందుకు? వెడల్పుగా పరుచుకునే ఫ్లడ్ లైట్లు తీసుకుని, బంపర్ కింద, నేల వైపు వంచి పెట్టాలి. బోల్టులు గట్టిగా బిగించకముందే, చీకటి పడ్డాక ఒకసారి రివర్స్ వేసి అద్దాల్లో చూసుకోండి. నావి ఇంకో రెండు వేళ్లంత వంచాకే అద్దంలో ఆ మెరుపు తగ్గి, వెనక చక్రం పక్కనున్న గుంత అంచు కనిపించింది.